గాయపడిన జవానుకు అండ

పొలానికి కంచె ఉంటుంది. దేశానికి సరిహద్దు ఉంటుంది. ఆ సరిహద్దులో మంచులో, ఎండలో, అడవిలో జవానులు కాపలా కాస్తారు. వాళ్ళంతా ఎక్కడివాళ్ళు? మన పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళే. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరివాళ్ళు సైన్యంలో చేరుతున్నారు. అందుకే దాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. తెలుగు నేల మీద ఇంకా ఎన్నో ఊళ్ళలో జవానుల కుటుంబాలు ఉన్నాయి.

యుద్ధంలో చనిపోయిన జవాను గురించి ఊరంతా చెప్పుకుంటుంది. విగ్రహం పెడతారు. బడికి పేరు పెడతారు. మరి కాలు పోయి ఇంటికి వచ్చిన జవాను సంగతేమిటి? కళ్ళు పోయినవాడు, నడుము విరిగి మంచాన పడినవాడు ఎలా బతకాలి? అతని భార్యాపిల్లల గతి ఏమిటి?

వాళ్ళకు ప్రభుత్వం ఎన్నో ఏర్పాట్లు చేసింది. వైద్యం ఉంది. పింఛను ఉంది. కృత్రిమ కాలు ఉంది. కాని ఇవన్నీ కాగితాల మీద నడుస్తాయి. కాగితంలో ఏం రాశారో తెలియకపోతే రావలసింది కూడా రాకుండా పోతుంది. అందుకే జవానుకే కాదు, ఇంట్లో వాళ్ళకు కూడా ఈ సంగతులు తెలియాలి.

గాయం తగిలిన వెంటనే

సరిహద్దులో జవానుకు గుండు తగిలింది. మొదట ఎవరొస్తారు? పక్కన ఉన్న తోటి జవానే వస్తాడు. రక్తం ఆగేలా గట్టిగా కట్టు కడతాడు. ఇది ప్రతి జవానుకూ నేర్పిస్తారు. రక్తం ఆగితే ప్రాణం నిలుస్తుంది.

తర్వాత పటాలం డాక్టరు దగ్గరికి మోసుకెళ్తారు. అక్కడ సెలైను, మందులు ఇస్తారు. అక్కణ్ణించి డ్రెస్సింగ్ స్టేషనుకు, ఆ తర్వాత ఫీల్డ్ ఆసుపత్రికి పంపుతారు. గాయం పెద్దదైతే హెలికాప్టరులో పెద్ద మిలిటరీ ఆసుపత్రికి చేరుస్తారు. ఇలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించుకుంటూ ప్రాణం కాపాడతారు. ఈ వైద్యానికి జవాను డబ్బు కట్టనక్కరలేదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన కాగితం పుడుతుంది. దాన్ని గాయం రిపోర్టు అంటారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ పనిలో ఉండగా గాయమైందో అందులో రాస్తారు. పై అధికారి తన అభిప్రాయం రాసి సంతకం చేస్తాడు. ఆ రోజు అది చిన్న కాగితంలాగే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

కాలు పోతే కొత్త కాలు

మహారాష్ట్రలో పుణె నగరం ఉంది. అక్కడ సైన్యం వారి కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది. దాన్ని 1944లో పెట్టారు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. చేతులు, కాళ్ళు పోయిన సిపాయిలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కోసం ఈ కేంద్రం మొదలైంది. నేటికీ పనిచేస్తోంది.

అక్కడ ముందుగా మోడుకు కొలత తీస్తారు. మోడు అంటే కోసేయగా మిగిలిన కాలు భాగం. ఆ కొలతకు సరిపోయేలా కొత్త కాలు తయారు చేస్తారు. పెట్టుకోగానే నడక రాదు. చిన్న పిల్లవాడిలా మళ్ళీ అడుగులు నేర్చుకోవాలి. మొదట్లో ఒరుసుకుంటుంది. పుండ్లు పడతాయి. నొప్పి పుడుతుంది. మెల్లగా అలవాటవుతుంది. కాలు అరిగిపోతే మళ్ళీ వెళ్ళి మార్పించుకోవచ్చు.

పుణె పక్కనే ఖడ్కీ ఉంది. అక్కడ మరో కేంద్రం ఉంది. వెన్నెముక దెబ్బతిని నడవలేని జవానుల కోసం దాన్ని 1974లో పెట్టారు. పంజాబులోని మొహాలీలో కూడా అలాంటి కేంద్రం 1978లో వచ్చింది. ఇక్కడ ఉండేవాళ్ళు చక్రాల కుర్చీలో తిరుగుతారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు. చేతనైన పని నేర్చుకుంటారు. ఆటలు ఆడతారు. చేతులు పనిచేయకపోయినా నోటితో కుంచె పట్టుకుని బొమ్మలు వేసినవాళ్ళున్నారు.

ఖడ్కీలోనే అంగవైకల్యం వచ్చిన జవానులకు పనులు నేర్పే బడి కూడా ఉంది. అది 1917లో మొదలైన బడి. దాని పేరు క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. తుపాకీ పట్టిన చేతికి ఇంకో పనిముట్టు ఇవ్వడం ఆ బడి పని.

ఇద్దరు జవానుల కథ

మురళీకాంత్ పేట్కర్ మహారాష్ట్ర పల్లె నుంచి సైన్యంలో చేరారు. మంచి బాక్సరు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఆయన ఒంట్లో గుళ్ళు దిగాయి. ఒక గుండు వెన్నులోనే ఉండిపోయింది. కాళ్ళు చచ్చుబడ్డాయి. బాక్సింగు అయిపోయింది.

ఆసుపత్రిలో డాక్టర్లు ఈత కొట్టమన్నారు. ఈత వల్ల ఒంట్లో బలం వస్తుందని చెప్పారు. వైద్యం కోసం మొదలుపెట్టిన ఈత పందెం దాకా తీసుకెళ్ళింది. 1972లో జర్మనీలో వికలాంగుల ఒలింపిక్స్ జరిగాయి. వాటిని పారాలింపిక్స్ అంటారు. పేట్కర్ 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచారు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారు పతకం. అయినా చాలా ఏళ్ళు ఆయన పేరు దేశానికి తెలియదు. 2018లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. పతకం వచ్చిన 46 ఏళ్ళకు!

ఇంకొకరు హొకాటో సేమా. ఆయనది నాగాలాండ్. 2002లో కాశ్మీరులో మందుపాతర పేలి ఎడమ కాలు పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. సైన్యం ఆయన్ని వదిలేయలేదు. తర్వాత పుణెలో సైన్యం వారి క్రీడా శిక్షణలో ఇనుప గుండు విసరడం నేర్చుకున్నారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చారు.

గాయపడిన జవానులందరూ పతకాలు తేలేరు. తేనక్కరలేదు కూడా. కాని తోడు దొరికితే మనిషి మళ్ళీ లేస్తాడని ఈ ఇద్దరి కథ చెబుతుంది.

మెడికల్ బోర్డు ఏం చేస్తుంది?

వైద్యం అయిపోయాక జవానును మెడికల్ బోర్డు ముందుకు పంపుతారు. బోర్డు అంటే సైనిక డాక్టర్ల బృందం. వాళ్ళు మూడు విషయాలు తేలుస్తారు.

ఒకటి: జవాను సైన్యంలో ఉండగలడా? కొందరికి కూర్చుని చేసే పని ఇచ్చి ఉంచుకుంటారు. కొందరిని ఇంటికి పంపుతారు.

రెండు: ఒంట్లో ఎంత వైకల్యం వచ్చింది? దీన్ని నూటికి ఇంత అని శాతంలో రాస్తారు. 20 శాతం, 50 శాతం, 100 శాతం అని ఇలా ఉంటుంది.

మూడు: గాయం లేదా జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందా? లేక ముందే ఉండి ఉద్యోగం వల్ల ముదిరిందా? లేక ఉద్యోగానికి సంబంధమే లేదా?

ఈ మూడో మాటే అన్నిటికన్నా ముఖ్యం. ‘సంబంధం ఉంది’ అని రాస్తే వైకల్య పింఛనుకు దారి ఉంటుంది. ‘సంబంధం లేదు’ అని రాస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక్క మాటతో బతుకు మారిపోతుంది.

శత్రువు తుపాకీ తగిలితే అనుమానమే లేదు. డ్యూటీలో ఉండగా బండి బోల్తా పడినా అది ఉద్యోగం వల్ల వచ్చిన గాయమే. సెలవులో ఉండి సొంత పని మీద తిరుగుతూ పడిపోతే మాత్రం సాధారణంగా లెక్కలోకి రాదు. గాయాలన్నీ పైకి కనపడవు కూడా. ఫిరంగి మోతకు చెవులు పోతాయి. హిమాలయాల మంచుకు వేళ్ళు చచ్చుబడతాయి. చూసినవి మరచిపోలేక మనసు చెదురుతుంది. ఇవీ గాయాలే. వీటిని దాచుకోకుండా బోర్డు డాక్టర్లకు చెప్పాలి. చెప్పింది రాశారో లేదో చూసుకోవాలి.

పింఛను లెక్క

ఉద్యోగం వల్ల గాయపడి ఇంటికి వచ్చిన జవాను పింఛనులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి సర్వీసు భాగం. ఇది చేసిన ఉద్యోగానికి ఇచ్చేది. రెండోది వైకల్య భాగం. ఇది పోయిన శక్తికి ఇచ్చేది.

వైకల్య భాగాన్ని ఆఖరి జీతం మీద లెక్క కడతారు. 100 శాతం వైకల్యం ఉంటే జీతంలో నూటికి 30 వంతులు ఇస్తారు. అదే యుద్ధంలో తగిలిన గాయమైతే, సర్వీసు పూర్తిచేసుకుని వచ్చేవాళ్ళకు నూటికి 60 వంతులు ఇస్తారు. అంటే రెట్టింపు. వైకల్యం తగ్గితే ఈ భాగమూ తగ్గుతుంది.

ఒక లెక్క చూద్దాం. లెక్కకు తీసుకునే ఆఖరి జీతం 40,000 రూపాయలు అనుకుందాం. వైకల్యం 100 శాతం. మామూలు డ్యూటీ గాయమైతే వైకల్య భాగం నెలకు 12,000 రూపాయలు. యుద్ధ గాయంతో సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవాడికైతే 24,000 రూపాయలు. సర్వీసు భాగం దీనికి అదనం. కరువు భత్యం కూడా కలుస్తుంది.

సర్వీసు పూర్తిచేసుకుని వచ్చేవాళ్ళకు వైకల్యం 20 శాతానికి తక్కువైతే సాధారణంగా ఈ భాగం రాదు. పూర్తిగా మంచాన పడి మనిషి సాయం లేనిదే బతకలేని వారికి, బోర్డు సిఫారసు చేస్తే, తోడు మనిషి కోసం వేరే భత్యం ఇస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియదు. అడగరు. అడగనివాళ్ళకు రాకుండా పోవచ్చు.

ఇంకో సంగతి. 2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పింఛనుకు కొత్త నియమాలు వచ్చాయి. ఆ తేదీకి ముందు బయటికి వచ్చినవాళ్ళకు పాత నియమాలు, తర్వాత వచ్చినవాళ్ళకు కొత్త నియమాలు వర్తిస్తాయి. కాబట్టి పక్క ఊరి జవానుకు వచ్చిందని మనకూ అంతే వస్తుందని అనుకోకూడదు. డిశ్చార్జి తేదీ చూసి అడగాలి.

అగ్నివీరుల సంగతి వేరు

2022 నుంచి జవానులను అగ్నివీరులుగా తీసుకుంటున్నారు. నాలుగేళ్ళ ఉద్యోగం. వాళ్ళకు పింఛను లేదు. అగ్నివీరుడు ఉద్యోగం వల్ల గాయపడి వైకల్యం వస్తే ఒకేసారి డబ్బు ఇస్తారు. 100 శాతం వైకల్యానికి 44 లక్షల రూపాయలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. నాలుగేళ్ళలో మిగిలిన కాలానికి జీతం కూడా కలిపి ఇస్తారు.

ఒకేసారి పెద్ద మొత్తం చేతికి వస్తుంది. నెల నెలా పింఛను మాత్రం రాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ డబ్బుతో జన్మంతా బతకాలి. అందుకే వచ్చిన రోజే అప్పులకూ పెళ్ళిళ్ళకూ ఖర్చు చేయకూడదు. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో దాచి, వడ్డీ మీద బతికేలా చూసుకోవాలి. పిల్లవాణ్ణి పంపే ముందే తల్లిదండ్రులు ఈ తేడా తెలుసుకోవాలి.

పందొమ్మిదేళ్ళ పోరాటం

ధరంవీర్ సింగ్ అనే జవాను 1985లో సైన్యంలో చేరారు. చేరేటప్పుడు డాక్టర్లు పరీక్ష చేశారు. ఏ జబ్బూ లేదని రాశారు. తొమ్మిదేళ్ళు పనిచేశారు. ఆ కాలంలో ఆయనకు మూర్ఛలు మొదలయ్యాయి. 20 శాతం వైకల్యం అని రాసి 1994లో ఇంటికి పంపేశారు. ఈ జబ్బుకు ఉద్యోగంతో సంబంధం లేదన్నారు. వైకల్య పింఛను ఇవ్వలేదు.

ఆయన వదల్లేదు. కోర్టుకు వెళ్ళారు. చివరికి కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 2013 జూలై 2న తీర్పు వచ్చింది. కోర్టు ఏం చెప్పింది? చేరేటప్పుడు జబ్బు లేదని మీరే రాసుకున్నారు. తర్వాత జబ్బు వచ్చింది. అలాంటప్పుడు అది ఉద్యోగం వల్లే వచ్చిందని అనుకోవాలి. కాదనేవాళ్ళు కారణం చూపించాలి. జవాను నిరూపించుకోనక్కరలేదు. ఇదీ ఆ తీర్పు సారాంశం. ఆయనకు పింఛను ఇవ్వమని కోర్టు ఆదేశించింది.

ఇంటికి పంపిన నాటి నుంచి తీర్పు వచ్చేదాకా 19 ఏళ్ళు పట్టింది. ఆయన్ని గెలిపించింది ఏమిటి? చేరిన రోజున రాసిన కాగితం. అందులో జబ్బు లేదని ఉన్న మాట. ఆ తర్వాత ఎంతోమంది జవానులు ఈ తీర్పు చూపించి తమ కేసులు గెలుచుకున్నారు.

ఒక కవరు కథ

ఇలా జరిగిందనుకోండి. కాలు దెబ్బతిన్న జవాను ఇంటికి వచ్చాడు. పింఛనుకు దరఖాస్తు పెట్టాడు. ఒక రోజు పోస్టుమాను కవరు ఇచ్చి వెళ్ళాడు. జవాను ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు.

“ఏముందే ఆ కవర్లో?” అంది అత్త.

“ఏమో అత్తయ్యా! అంతా ఇంగ్లీషులో ఉంది. ముద్ర ఉంది. పింఛను ఇస్తామనే రాసి ఉంటారు.”

“అయితే జాగ్రత్తగా పెట్టెలో దాచు. వాడొచ్చాక చూస్తాడు.”

దాచింది. జవాను వచ్చాడు. ఒంట్లో బాగాలేదు. కవరు సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎనిమిది నెలలు గడిచాయి. పెట్టె సర్దుతుంటే కవరు దొరికింది. చదువుకున్న కుర్రాడితో చదివించారు. అందులో పింఛను ఇవ్వమని ఉంది. ఇష్టం లేకపోతే ఆరు నెలల లోపు అప్పీలు చేసుకోవచ్చని కూడా ఉంది. ఆరు నెలలు దాటిపోయాయి.

ఆ కోడలు జాగ్రత్తపరురాలే. కవరు పారేయలేదు. కాని చదివించలేదు. దాచడం సగం జాగ్రత్తే. చదవడం మిగతా సగం.

పింఛను కాదంటే ఏం చేయాలి? ఆరు నెలల లోపు మొదటి అప్పీలు చేయాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు ఉంది. ఆ తర్వాత సైనిక బలగాల ట్రిబ్యునల్ ఉంది. ఇది సైనికుల కేసుల కోసమే పెట్టిన కోర్టు. 2007లో చట్టం చేశారు. 2009లో పని మొదలుపెట్టింది. గడువు దాటినా నిరాశపడి కూర్చోకూడదు. ఆలస్యానికి కారణం రాసి, మన్నించమని అడగవచ్చు.

వకీలుకు డబ్బు లేకపోతే? జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు, వికలాంగులకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 2025 జూలైలో జవానుల కుటుంబాల కోసం ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ అనే న్యాయ సహాయ పథకం కూడా మొదలైంది.

ఎవరిని అడగాలి?

జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది. కొత్త జిల్లాలో లేకపోతే పాత జిల్లా కేంద్రంలో అడగాలి. జవానుల మంచి చెడ్డలు చూడటమే ఆ ఆఫీసు పని. దరఖాస్తులు రాసిపెడతారు. పిల్లల చదువుకు, ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే సహాయాల గురించి చెబుతారు. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు కూడా అక్కడే ఇస్తారు.

జబ్బు చేస్తే ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం ఉంది. 2003 ఏప్రిల్‌లో మొదలైంది. పింఛను తీసుకునే మాజీ సైనికులు కార్డు తీసుకోవాలి. భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుంది. సికింద్రాబాదు, విశాఖపట్నం, గుంటూరు వంటి చోట్ల ఈ పథకం పాలీక్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ చూసి, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి రాసిస్తారు.

పింఛను చెల్లింపు ఇప్పుడు ‘స్పర్శ్’ అనే కంప్యూటరు పద్ధతిలో నడుస్తోంది. ఏడాదికి ఒకసారి బతికి ఉన్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి. దాన్నే లైఫ్ సర్టిఫికెట్ అంటారు. ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. కాలు కదపలేని జవానును ఆఫీసు చుట్టూ మోసుకుని తిరగనక్కరలేదు. ఇంటి దగ్గరి నుంచే ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు.

ఊరు చేయాల్సిన పని

ఏటా డిసెంబరు 7న సైనిక పతాక దినం జరుగుతుంది. 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు చిన్న జెండాలు ఇచ్చి చందా వసూలు చేస్తారు. ఆ డబ్బు గాయపడిన జవానులకు, చనిపోయిన జవానుల కుటుంబాలకు, మాజీ సైనికులకు ఉపయోగిస్తారు. ఎవరికి చేతనైనంత వాళ్ళు ఇవ్వవచ్చు.

జెండా కొనడంతో పని అయిపోదు. ఊళ్ళో గాయపడిన జవాను ఉంటే అతన్ని చూసి “అయ్యో పాపం” అంటే అతనికి ఏమీ ఒరగదు. కవరు వస్తే చదివిపెట్టాలి. ఆఫీసుకు తోడు వెళ్ళాలి. బడి మెట్ల పక్కన, పంచాయతీ మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుదారి కట్టాలి. అతనికి చేతనైన పని ఇవ్వాలి. గ్రామసభలో మాట్లాడమని పిలవాలి.

జవాను దేశానికి ఒక కాలు ఇచ్చాడు. అతనికి రావలసిన పింఛను ధర్మం కాదు, దానం కాదు. అది బాకీ. బాకీ అడగడానికి సిగ్గు పడనక్కరలేదు.

పెట్టెలో ఉండాల్సిన కాగితాలు

1. డిశ్చార్జి బుక్కు.
2. గాయం రిపోర్టు నకలు.
3. మెడికల్ బోర్డు కాగితాల నకలు.
4. పింఛను ఉత్తర్వు. దీన్ని పీపీవో అంటారు.
5. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, వైద్యం కార్డు.
6. ఆఫీసుల నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం. కవరు మీద అందిన తేదీ రాసి ఉంచాలి.

ప్రతి కాగితానికి రెండు నకళ్ళు తీయించాలి. అసలు కాగితం ఎవరికీ ఇచ్చేయకూడదు. చదవకుండా దేని మీదా సంతకం చేయకూడదు, వేలిముద్ర వేయకూడదు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో మాజీ సైనికులు ఎంతమంది ఉన్నారు? వాళ్ళలో గాయపడినవాళ్ళు ఉన్నారా?
2. మెడికల్ బోర్డు తేల్చే మూడు విషయాలు ఏవి?
3. ఆఖరి జీతం 40,000 రూపాయలు, వైకల్యం 50 శాతం అనుకోండి. డ్యూటీ గాయమైతే వైకల్య భాగం ఎంత? యుద్ధ గాయమైతే ఎంత? లెక్క కట్టండి.
4. కవరు కథలో కోడలు ఏం చేసి ఉండాల్సింది?